బోరింగు మీద ఎర్ర రంగు

మా ఆయన సురేందర్ దృష్టిలో ఎమ్మెస్సీ అంటే ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చదివి, పరీక్ష నాడు ఆటో ఎక్కి వెళ్ళి రాసి రావడం. పిల్లలిద్దరూ హాస్టళ్ళ పాలయ్యాక దూరవిద్యలో పర్యావరణ శాస్త్రం కట్టినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. మా ఓదెలు సారు అలా అనుకోలేదు. మొదటి క్లాసులోనే, "పుస్తకంల చూసి గుర్తుపడితే గది రాయి గాదు, రాయి బొమ్మ" అని చెప్పి, ఆ వచ్చే ఆదివారం నుంచే మమ్మల్ని ఎండలో నిలబెట్టడం మొదలుపెట్టాడు.

సారుది భూపాలపల్లి. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. మోకాళ్ళ నొప్పులని మా స్టడీ సెంటర్‌లో మేడ మీది గదికి రాడు, క్లాసు కిందే పెట్టమంటాడు. గుట్ట కనబడితే మాత్రం అందరికంటే ముందు తనే ఎక్కుతాడు.

మొదట జనగామ అవతల ఒక గుట్టకు తీసుకెళ్ళాడు. రాయిని సుత్తితో కొట్టి, కొత్తగా విరిగిన ముఖం చూడమన్నాడు. పాత ముఖం ఎండకూ వానకూ మారిపోయి ఉంటుందట, దాన్ని నమ్మకూడదట. గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, గాజుపెంకులా మెరిసేది క్వార్ట్జ్, రేకులుగా ఊడొచ్చే నల్లది మైకా. నాకు మాత్రం కొబ్బరి, బెల్లం, నువ్వులు కలిపి దంచిన ముద్దలా కనబడింది. ఆ మాటే అంటే సారు నవ్వకుండా, "గట్లనే యాదుంచుకో అమ్మా. పరీక్షల మాత్రం రాయకు" అన్నాడు. ఇలాంటి రాళ్ళలోంచే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుందనీ, అది ఎక్కువైతే పిల్లల పళ్ళు గారపడతాయనీ, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలే వంగిపోతాయనీ ఆ గుట్ట మీదే చెప్పాడు.

తర్వాత రేగొండ వైపు ఇసుకరాయి చూపించాడు. పొర మీద పొర, పొర మీద పొర, అచ్చం మా అత్తగారి బీరువాలో చీరల్లా. అడుగునున్నది అన్నిటికంటే పాతది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నా పక్కనే సరోజన ఉంది. జనగామలో అంగన్‌వాడీ టీచరు, ఈ చదువులో నాకు దొరికిన స్నేహితురాలు. చీరల సంగతి చెబితే, "గింత ఎండల సుత మీ అత్తనే యాదికొస్తుందానే?" అంది.

ఆ ఆదివారాల్లో నాకు ఒళ్ళు తెలియనంత సంతోషంగా ఉండేది. ఇంట్లో నేను ఏం చెప్పినా సగం విని టీవీ వైపు తిరుగుతారు. అక్కడ నేను "ఇది ఇసుకరాయి" అంటే నలుగురు రాసుకునేవాళ్ళు.

అందుకే నీళ్ళ పరీక్షల వంతు వచ్చినప్పుడు నేను ఎగిరి ముందుకు దూకాను. గార్ల వైపు తండాల్లో బోరింగుల నీళ్ళు సీసాల్లో పట్టి తేవాలి. సెంటర్‌లో ఉన్నవి పాత ప్లాస్టిక్ సీసాలు, గుప్పిట్లో పట్టేటంతవి. "గివి కడిగి తెచ్చే జిమ్మేదారి ఎవరు తీస్కుంటరు?" అని సారు అడగ్గానే అందరూ నా వైపు చూశారు. ఆ గుంపులో ఇంటి పని తప్ప వేరే ఉద్యోగం లేనిది నేనొక్కదాన్నే. నేను నొచ్చుకోలేదు. కడగడంలో నాకు పేరుంది.

"సబ్బు పెట్టొద్దు. సబ్బు పొడి పెట్టొద్దు. బూడిద, చింతపండు అసలే వద్దు. ఉత్త నీళ్ళతోని కడుగుండ్రి" అన్నాడు సారు.

అన్నీ ఉత్త నీళ్ళతోనే కడిగాను. ఒక్క సీసాతోనే వచ్చింది చిక్కు. దాని మూత లోపల మర చుట్ల మధ్య పసుప్పచ్చటి మరక ఒకటి, ఎంత తోమినా వదల్లేదు. మరక ఉన్న గిన్నెను ఎదుటివాళ్ళ చేతికివ్వడం మా ఇంటా వంటా లేదు. మా ఇంట్లో వెండి కుంకుమ భరిణె నుంచి గ్యాసు పొయ్యి దాకా మెరిసేవన్నీ మెరిసేది టూత్‌పేస్టుతోనే. సారు వద్దన్న వాటిలో టూత్‌పేస్టు లేదు. పాత బ్రష్షు తీసి, మూతకు దిట్టంగా పేస్టు పట్టించి రుద్దాను. మరక పోయింది. కడిగి, గుడ్డ మీద బోర్లించాను. అన్నిటికంటే తెల్లగా ఉన్నది అదే.

దుబ్బగట్టు తండాకు మేం వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. రోడ్డు వెడల్పు చేసే పనుల్లో నల్లా పైపు పగిలిపోయి, ఊరు మొత్తానికి ఒక్క బోరింగే దిక్కుగా ఉంది. అది రుక్కి ఇంటి ముందే ఉంటుంది. ముప్పై లోపు మనిషి, మాటకు ముందు ఆమె నవ్వు వినబడుతుంది. మండలాఫీసు మెట్ల మీద బైఠాయించి మరీ ఆ బోరింగు వేయించింది ఆమేనట. ఆమె కూతురు చాందిని, బడికింకా పోని పిల్ల, బోరింగు పిడి పట్టుకుని ఊగుతోంది.

"మేడం, గా సీసెడు నీళ్ళు మీ కాలేజికి మొత్తం సరిపోతయా?" అంది రుక్కి. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరూ నవ్వారు.

"సరిపోకుంటే మళ్ళొస్తం" అన్నాను.

"వస్తే బిందె తెచ్చుకో. వరుసల నిలబడాలె మరి."

సీసానూ మూతనూ కూడా అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, తర్వాతే పట్టాలని సారు నేర్పాడు. సీసాను తొలిచాను. మూత నా ఎడమ గుప్పిట్లో ఉంది, అదే గుప్పిట్లో భూతద్దం, అదే చేత్తో కొంగు. వెనక నుంచి ఎవరో, "మేడం తానం చేపిస్తుందే సీసకు!" అన్నారు. సిగ్గనిపించి గబగబా నింపి మూత బిగించేశాను. బయట నుంచి ఎంత తెల్లగా ఉందో చూసుకుని మురిసిపోయాను కూడా.

సారు తన పాత కాలేజీ ల్యాబులో పరీక్ష చేయించాడు. అన్ని బోరింగుల నీళ్ళూ మామూలుగానే వచ్చాయి. దుబ్బగట్టు తండాది మాత్రం ఉండదగినదానికి మూడింతల ఫ్లోరైడ్ చూపించింది.

క్లాసులో సారు ఆ సీసాను పైకెత్తి చూపించాడు. "చుట్టుపక్కల ఏడ లేదు. గీ ఒక్క తావుల ఉన్నదంటె కింద ఏదో వేరే రాతి నరం పోతున్నట్టు. గిది మామూలు ముచ్చట గాదు. శ్రీలతమ్మ పట్టుకొచ్చిన సీస గిది." అందరూ చప్పట్లు కొట్టారు. సీసా పట్టుకుని నిలబడ్డ నా ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సురేందర్ దాన్ని తన స్టేటస్‌గా పెట్టుకున్నాడు. మా పెళ్ళిరోజు ఫొటోకు కూడా అంత భాగ్యం పట్టలేదు.

సారు మంచి మనిషి. పిల్లలు తాగే నీళ్ళని చెప్పి ఆ రోజే పంచాయతీకి రాసిచ్చాడు. వాళ్ళు వచ్చి బోరింగుకు ఎర్ర రంగు పూసి, పిడి ఊడదీసుకుని పోయారు.

ఆ సంగతి నాకు చెప్పింది జనార్దన్ బావగారు. ఆయన సురేందర్‌కు పెదనాన్న కొడుకు. ఆయన మిర్చి తోట దుబ్బగట్టు తండాకు ఆనుకునే ఉంటుంది. ఎప్పుడూ ఫోన్ చేయని మనిషి ఫోన్ చేశాడు.

"ఏం మరదలా, నీ సదువు మా అక్కరకొచ్చింది పో."

"ఏమైంది బావా?"

"ఈసారి మిర్పకాయ ఏరెతందుకు మనుషులు దొరకక పరేషానుంటిమి. తండోళ్ళు పక్కూరి పటేలు కూలి ఇంకింత ఎక్కువిస్తడని ఆడికి పోతుండిరి. ఇప్పుడు బోరింగు బందాయె గద, బిందెలు వట్టుకొని మా మోటరు కాడికే వస్తున్నరు. ముందుగాల తోటల దిగుండ్రి, మాపటికి నీళ్ళు పట్టుకపోండ్రి అన్న. అందరు మన తోటలనే ఉన్నరు. గా మేడం మా మరదలే అని సుత చెప్పిన." గట్టిగా నవ్వాడు.

నేనూ నవ్వాను. బావగారు ఫోన్‌లో నవ్వితే నవ్వాలి, అది మా ఇళ్ళలో మర్యాద. ఫోన్ పెట్టేశాక, నీళ్ళకు కూలి ముడిపెట్టడం ఏమిటనిపించింది. కానీ పిల్లల పళ్ళు, ఎముకలు అని నాకు నేను చెప్పుకున్నాను. చెడ్డ నీళ్ళు తాగడం కంటే మంచి నీళ్ళకు కాస్త కష్టపడటం నయం కదా అని. ఎవరి కష్టమో ఆలోచించలేదు.

మరుసటి ఆదివారం కోసమని సారు ఆ సీసాలను మళ్ళీ నాకే పంపించాడు. కడగడంలో నా పేరు ఇంకా పెరిగింది మరి. ఒక్కొక్క మూతా తీస్తూ పోతున్నాను. ఆ తెల్లటి మూత దగ్గరకు వచ్చేసరికి లోపలి రబ్బరు బిళ్ళ కాస్త లేచినట్టు కనబడింది. గోటితో లేపాను. బిళ్ళ కింద, అంచు పొడవునా, సున్నం మెత్తినట్టు తెల్లగా ఏదో పేరుకుని ఉంది. కొంత తడిసి కరిగిపోయింది, కొంత మిగిలింది.

వాసన చూశాను. పుదీనా.

నేను రోజూ పొద్దున్నే నోట్లో పెట్టుకునే వాసన అది. అయినా నేను వెంటనే ఒప్పుకోలేదు. బాత్రూంలోకి వెళ్ళి ట్యూబు తెచ్చి వెనక అక్షరాలు చదివాను. చదివింది చాలక సరోజనకు ఫోన్ చేశాను.

"టూత్‌పేస్టుల ఏమేమేస్తరే?"

"పండ్లు గట్టిగుండాలని ఫ్లోరైడ్ ఏస్తరు గదనే. ఎందుకడుగుతున్నవు?"

"ఊకెనే."

"ఊకెనే టూత్‌పేస్టు గురించి అడిగెటోళ్ళు ఎవరుంటరే?" అని నవ్వింది. నేను పప్పు పొయ్యి మీద ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ తర్వాత నేను చేసినవేవీ చెప్పుకోదగ్గవి కావు. ముందు, ఆ కాస్త పేస్టుకు అంత లెక్క వస్తుందా అని నాతో నేనే వాదించుకున్నాను. గుప్పెడు సీసాలో ఆ మాత్రం చాలు, ఆ లెక్క నాకు నేర్పింది సారే. తర్వాత, సారే రెండోసారి పరీక్ష చేస్తాడులే అనుకున్నాను. సారు మాత్రం ఆ నరం గురించి రాసుకుంటూ, ఊరి మ్యాపులో దుబ్బగట్టు మీద ఎర్ర చుక్క పెట్టుకుని, రోజూ నాకు ఏదో ఒక మెసేజి పంపేవాడు. చివర పువ్వు బొమ్మ పెట్టేవాడు. ఆఖరికి నాకు ఒక తెలివైన దారి దొరికింది. కొత్త సీసాలో, ఎవరికీ చెప్పకుండా, ఆ బోరింగు నీళ్ళు మళ్ళీ పట్టి తెస్తాను. పోలిక కోసం తెచ్చానని సారుకు ఇస్తాను. ఈసారి మామూలుగా వస్తుంది. యంత్రం తప్పో, వాన తప్పో, రాయి తప్పో అనుకుంటారు. నా పేరు ఎక్కడా రాదు. పళ్ళు తోముకునే పేస్టుతో శాస్త్రాన్ని తోమినదాన్నని ఎవరికీ తెలియదు.

జనార్దన్ బావగారింటికి వెళ్ళొస్తానని సురేందర్‌తో చెప్పి, గార్లలో బస్సు దిగి ఆటో ఎక్కాను. సంచిలో మూత కూడా విప్పని కొత్త సీసా ఉంది.

తండాలో మనుషులు లేరు, అందరూ తోటలోనే. బోరింగు ఎర్రగా ఉంది. రంగు కారి కింద రాళ్ళ మీద కూడా పడింది. పిడి ఉండాల్సిన చోట ఖాళీ. పిడి లేకపోతే నీళ్ళు ఎలా పడతానన్న సంగతి, ఎమ్మెస్సీ చదువుతున్న నాకు, అక్కడికి వెళ్ళాక గానీ తట్టలేదు.

"మేడం!"

రుక్కి గడపలో కూర్చుని ఉంది. తోటకు పోలేదు. నన్ను చూసి నవ్వలేదు. అది నాకు బోరింగు రంగు కంటే ఎక్కువగా కొట్టొచ్చినట్టు కనబడింది.

"మంచిగొచ్చినవు మేడం. నువ్వు సదువుకున్నదానివి. జర చూడు." చాందినిని దగ్గరకు లాక్కుని, బొటనవేలుతో పై పెదవి ఎత్తింది. ఇంకో చేత్తో ఫోన్ లైటు పట్టింది. "గీ పన్ను మీద తెల్లగున్నది, గదేనా?"

పాలపళ్ళు. బియ్యపు గింజల్లా ఉన్నాయి.

"ఏం లేదు రుక్కీ."

"సక్కగ చూడు. నాకు కనబడ్తుంది. పొద్దుగాల లేవంగనె కనబడ్తుంది, మాపటికి కనబడదు." పిల్లను వదిలి, తమ భాషలో ఏదో చెప్పింది. చాందిని గోడ దగ్గరకు వెళ్ళి, కాళ్ళు దగ్గరగా పెట్టి, మా వైపు నడిచింది. తిరిగి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఆ పిల్ల మొహంలో ఆటేమీ లేదు. చేతులు పక్కలకు అంటించుకుని, ఎవరో పరీక్ష పెడుతున్నట్టు నడిచింది. చాలాసార్లు నడిపించి ఉంటారు.

"మోకాళ్ళ కాడ వంగుతున్నయా? నాకు ఎడమది వంగినట్టు కొడ్తుంది."

"వంగలేదు. మంచిగనే ఉన్నది పిల్ల."

"మా అత్త మోకాళ్ళు వంగినయి. గందరు గదే అంటున్నరు, బోరింగు నీళ్ళే అంటున్నరు." రుక్కి నా మొహంలోకి చూడకుండా మాట్లాడుతోంది. "ఆఫీసుల కూసొని కొట్లాడి ఏపిచ్చింది నేను. ఇది కడుపుల పడ్డప్పటికెల్లి గా నీళ్ళే తాగిన. పాలు మాన్పిచ్చినంక గా నీళ్ళే తాపిన. పెండ్లిళ్ళకు సుట్టాలొస్తే మా బోరింగు నీళ్ళు తియ్యగుంటయని చెంబులకు చెంబులు పోసిన. తోటల ఒక్కతి మాట్లాడదు నాతోని. మీ బావ మోటరు కాడ నిలబడితె నా దిక్కే చూస్తరు. గందుకే పోత లేను."

చాందిని ఇంకా నడుస్తూనే ఉంది. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ఏం కాదులే, ఇంకోసారి చూస్తాం, దిగులు పెట్టుకోకు అని చెప్పి, పక్క ఊరి మెకానిక్‌ను పట్టుకుని, నా సీసా నింపుకుని వెళ్ళిపోవచ్చు. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి కూడా. అలా చేస్తే లెక్క మళ్ళీ తేలే దాకా ఈ పిల్ల ఆ గోడ నుంచి ఈ గడప దాకా నడుస్తూనే ఉంటుంది. ఈమె ఆ పళ్ళ మీద లైటు వేస్తూనే ఉంటుంది. నేను మోయాల్సిన నేరం ఈమె మోస్తోంది, అదీ కన్నపిల్ల విషయంలో. నేను పరువు కోసం సీసా సంచిలో దాచుకుని వచ్చాను.

"రుక్కీ, నీళ్ళల్ల ఏం లేదేమో" అన్నాను. "తప్పు నాది."

చెప్పాను. మరక గురించి, మూత గురించి, బ్రష్షు గురించి. చెబుతున్నకొద్దీ అది ఇంకా చిన్నగా, ఇంకా సిగ్గుగా తయారైంది.

"పండ్లు తోమే పేస్టా?" అంది రుక్కి.

"ఔ."

"బోరింగుకు పెట్టినవా?"

"బోరింగుకు గాదు. సీస మూతకు."

"మూతకు పండ్లుంటయా మేడం?"

ఒక్క క్షణం ఆమె నవ్వింది. ఆ పాత నవ్వే. తర్వాత ఆ నవ్వు ఆమె మొహంలోనే ఆగిపోయింది. లేచి నిలబడింది. పిల్లను నడవొద్దని చెప్పి లోపలికి పంపించింది.

"నాకొక్కదానికి జెప్తే ఏమొస్తది? పా."

"ఎక్కడికి?"

"తోటకు. గాళ్ళందరి ముందల జెప్పు. మీ బావ ముందల జెప్పు."

మిర్చి తోటలో ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వంగి ఏరుతున్నారు. చెట్టు కింద కుర్చీలో జనార్దన్ బావగారు. నన్ను చూడగానే లేచి, "గిదేంది మరదలా, గింత ఎండల!" అని ఎదురొచ్చాడు. రుక్కి నా వెనక నిలబడింది. వెనక్కి తిరిగినా పారిపోవడానికి చోటు లేకుండా నిలబడింది.

ఘాటుకు తుమ్ముతూ, మధ్యలో ఆగుతూ, చెప్పేశాను. నడుములు లేచాయి. ముక్కుల మీద గుడ్డలు దిగాయి.

బావగారు నవ్వు మొహం పెట్టి, గొంతు మాత్రం తగ్గించాడు. "గివన్ని ఇప్పుడెందుకు మరదలా? అయిందేదో అయింది. నిమ్మళంగ మళ్ళ పరీక్ష చేపియ్యి. గీ ఏరుడు ఒక్కటి ఒడువనీ. ఇంటికి పా, మీ అక్క చాయ్ పెడ్తది."

"వాళ్ళకు ఇయ్యాల్నే తెల్వాలె బావా" అన్నాను. ఆయన ముందు అంత మాట అనడం అదే మొదటిసారి.

ముందు వరుసలో ఉన్న సీతాబాయి, తండాలో పెద్దామె, నడుం మీద చేతులు పెట్టుకుంది. "గట్లయితె మా నీళ్ళు మంచియేనా?"

మంచివే అనాలని ఎంత ఆశపడ్డానో. అంటే అందరూ సంతోషించేవాళ్ళు, నేను కూడా. "తెల్వదు" అన్నాను. "నేను తెచ్చిన లెక్క తప్పు. మంచియో చెడ్డయో మళ్ళ పట్టి చూస్తే గాని చెప్పరాదు."

"చెడ్డయంటివి. ఇప్పుడు తెల్వదంటవు. ఇంతకు నువ్వు సదివేదేందమ్మా?"

ఎవరూ నవ్వలేదు. నేను అక్కడే, వాళ్ళందరి ముందు, ఓదెలు సారుకు ఫోన్ చేశాను. పేస్టు మాట చెప్పాక, ఆ మూత ఇంకా నా దగ్గర ఉందా అని ఒక్కటే అడిగాడు. ఉందన్నాను.

"సరే అమ్మా" అన్నాడు. "రేపొస్త."

మర్నాడు సారు తనే పిడి అడిగి తెచ్చాడు, మనిషిని పెట్టి బిగించాడు, తన చేత్తో రెండు కొత్త సీసాలు నింపాడు. మూతలు తొలిచినప్పుడు నా వైపు చూడలేదు. చూస్తే బాగుండుననిపించింది. తిరిగి వెళ్ళేటప్పుడు జీపులో, "ఒక్క సీస మీద నమ్మకం పెట్టి కాగితం రాసింది నేను. రెండోది పట్టాల్సింది నేనే" అన్నాడు. ఆయన తన వాటా తీసుకున్నాడు గానీ, దాంతో నా వాటా ఏమీ తగ్గలేదు.

నీళ్ళు మామూలుగానే ఉన్నాయి. చుట్టుపక్కల బోరింగుల్లాగే.

సారు మ్యాపులో ఎర్ర చుక్క చెరిపేశాడు. గ్రూపులోంచి నా ఫొటో పోయింది. సురేందర్ స్టేటస్ తీసేసి, "పేస్టు జర తక్కువ పెట్టుమని నీకు ఎన్నడో చెప్పిన" అన్నాడు. జనార్దన్ బావగారి నుంచి ఫోన్ లేదు. పండక్కి కనబడితే మాత్రం, "ఏం మరదలా, ఈసారి ఎవల కూలోళ్ళను ఎల్లగొట్టెతందుకు సదువుతున్నవు?" అని నలుగురిలో అంటాడు. అది ఖాయం. పంచాయతీ వాళ్ళు ఎర్ర రంగు మీద నీలం పూశారు. ఒక్క పూతకు ఎరుపు పోలేదు, లోపలి నుంచి కనబడుతూనే ఉంది.

కొత్త లెక్క రాసిన కాగితం తీసుకుని తండాకు నేనే వెళ్ళాను. సారు పంపిస్తానన్నా వద్దన్నాను. బోరింగు దగ్గర వరుస ఉంది. సీతాబాయి నన్ను చూసి, "బ్రష్షు తెచ్చుకున్నవా?" అంది. ఈసారి వరుస మొత్తం నవ్వింది. ఆ నవ్వు నాకు దక్కాల్సిందే. కాగితం చదివి వినిపించాను. వాళ్ళకు కాగితం అక్కర్లేదు, పిడి వచ్చిననాటి నుంచే తాగుతున్నారు. తోటకు ఇష్టమైనవాళ్ళు పోతున్నారు, లేనివాళ్ళు పక్క ఊరికి పోతున్నారు.

రుక్కి నన్ను గడప దాకా పిలిచి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. "తాగక్కా. మా బోరింగువే." మేడం అనలేదు. తనూ తాగింది. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి.

అంతలో చాందిని ఎక్కడి నుంచో పరుగెత్తుకుంటూ వచ్చింది, దుమ్ము కొట్టుకుని, వగరుస్తూ. "యాడీ!" అని తల్లిని పిలుస్తూ, ఆమె చీర పట్టుకుని చెంబు కోసం చెయ్యి చాపింది. రుక్కి చెంబును పక్కకు జరిపేసింది. ఆ జరపడం ఆమెకే తెలియనట్టు జరిపింది. లోపలికి వెళ్ళి, గార్ల నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా పట్టుకొచ్చి, మూత తిప్పి పిల్ల నోటికి పెట్టింది.

"ఎందుకు రుక్కీ? ఇప్పుడే సదివిన గదా."

"విన్నక్కా. నాకు నమ్మకమే. నేను తాగుతలేనా?" అంది. పిల్ల గుటకలు వేస్తుంటే దాని గొంతు వైపే చూస్తోంది. "దీనికి మాత్రం... జర కొన్నొద్దులు పోనీ."

ఎన్నాళ్ళు అని అడగలేదు. అది చెప్పే పరీక్ష మా సారు దగ్గర కూడా లేదు. పిల్ల సీసా వదిలేసి మళ్ళీ వీధిలోకి పరుగెత్తింది. రుక్కి దాని కాళ్ళ వైపు చూసింది. నేనూ చూశాను.